ఆటోలో అందరూ ఎక్కేదాకా

ఒక్క ముక్కలో చెప్పమనేవాళ్ళకి

కంప్యూటర్ చదువులు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కుర్చీలో కుదురుకోకముందే అడుగుతారు: "మేడమ్, రికార్డులు వెతికే పని డేటాబేస్‌తో చేయించాలా, లేకపోతే అన్నీ తెచ్చుకుని మన కోడ్‌లో చేసుకోవాలా?" ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి వాళ్ళకి ఒక్క ముక్క కావాలి. నా దగ్గర అలాంటి ముక్క లేదు. ఒక మనిషి కథ ఉంది. అది మొదలుపెడితే సగంమంది ఫోను చూసుకుంటారు. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది భద్రాచలంలో ఒక ట్రస్టు ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో. విభాగం అంటే నేను, నరేశ్ అనే కుర్రాడు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా కంప్యూటర్ల కోసమే, మా కోసం కాదు. ట్రస్టుకి ఖమ్మంలో పెద్దాసుపత్రి ఉంది. అడవి ఊళ్ళవాళ్ళు అంతదూరం పోలేరని భద్రాచలంలో మా శాఖ పెట్టారు. రోగుల వివరాలన్నీ ఉండే సర్వర్ మాత్రం ఖమ్మంలోనే ఉండేది. నా ప్రమోషన్ల సంగతి, ఆఫీసు కాగితాల సంగతి ఇక్కడ రాయను. అవి అన్ని ఉద్యోగాల్లోనూ ఒక్కలాగే ఉంటాయి, చదివితే నిద్ర వస్తుంది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్తాను. డేటాబేస్ అంటే రికార్డులన్నీ సర్ది పెట్టిన గోదాము అనుకోండి. క్వెరీ అంటే 'నాకు ఫలానాది కావాలి' అని ఆ గోదాముకి మనం పంపే కబురు. కోడ్ అంటే అక్కడినుంచి వచ్చినదాన్ని మన బల్లమీద పోసుకుని, ఏరి, అమర్చి, డాక్టరుకి చూపించే మన ప్రోగ్రామ్. ఏ పని గోదాములో జరగాలి, ఏ పని బల్లమీద జరగాలి అని తేల్చడమే నా ఉద్యోగం. మిగిలిన సమయమంతా ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు లాగడంతో సరిపోయింది.

చప్పట్లు కొట్టించుకున్న ప్రోగ్రామ్

మా ప్రోగ్రామ్ రాసిచ్చింది హైదరాబాద్‌లోని ఒక కంపెనీ. ఖమ్మంలో, సర్వర్ ఉన్న గదికి పక్కగదిలోనే మమ్మల్ని కూర్చోబెట్టి చూపించారు. ఒక ఉత్తుత్తి రోగిని సృష్టించారు. ఆయనకి ఒకసారి జ్వరం వచ్చింది, ఒక రక్తపరీక్ష చేశారు, ఒక మందు ఇచ్చారు. పేరు కొట్టీకొట్టగానే రికార్డు కళ్ళముందుకి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మధ్యాహ్నం భోజనం కూడా బాగా పెట్టారు.

దాని అసలు గుణం భద్రాచలంలో సికిల్ సెల్ క్లినిక్ రోజున బయటపడింది. సికిల్ సెల్ అంటే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. ఎర్ర కణాలు వంకర తిరిగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒళ్ళంతా నొప్పులు, రక్తం తగ్గిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం. మా అడవి ఊళ్ళలో ఈ జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళు నెలకోసారి వచ్చి, రక్తం చూపించుకుని, నెలకి సరిపడా మాత్రలు తీసుకుపోవాలి. పాత రికార్డు చూడకుండా డాక్టరు ఆ మాత్రలు ఇవ్వరు. ఊళ్ళ నుంచి ఆటోలు కదిలేది సంత రోజునే కాబట్టి క్లినిక్ కూడా సంత రోజునే పెట్టారు.

కంపెనీవాళ్ళ ప్రోగ్రామ్ ఏం చేసేదంటే, రోగి పేరు కొట్టగానే ముందుగా ఖమ్మం కబురు పంపి, ఆ మనిషి ఎప్పుడెప్పుడు ఆసుపత్రికి వచ్చాడో జాబితా తెచ్చేది. ఆ తర్వాత ఒక్కొక్క రాకకీ విడిగా కబురు పంపేది. ఆ రోజు ఏ పరీక్షలు చేశారని ఒకసారి, ఏ మందులిచ్చారని ఇంకోసారి, రక్తం ఎక్కించారా అని మరోసారి. ఇంట్లో వంట కోసం ఉప్పుకి ఒకసారి, పప్పుకి ఒకసారి, చింతపండుకి ఒకసారి గోదావరి బ్రిడ్జి దాటి బూర్గంపాడు పోయి వచ్చినట్టు. దుకాణం పక్కింట్లోనే ఉంటే ఎన్నిసార్లు పోయి వచ్చినా కాళ్ళు నొప్పి పుట్టవు. సర్వర్ పక్కన కూర్చుని పరీక్షించుకున్న కంపెనీవాళ్ళకి అందుకే ఏమీ తెలియలేదు.

ఇందులో ఒక అన్యాయం ఉంది, అది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. మొన్ననే మొదటిసారి వచ్చినవాళ్ళ రికార్డు చిటికెలో తెరుచుకునేది. ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళది, అంటే అందరికంటే ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్ళది, అందరికంటే ఆలస్యంగా తెరుచుకునేది. ప్రోగ్రామ్ రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ ఉత్తుత్తి రోగి మరీ ఆరోగ్యవంతుడు, అంతే.

మందులు చేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు

ఒక సంత రోజు మధ్యాహ్నం టీ కోసం బయటికి వస్తే వసారాలో ఒక గుంపు కూర్చుని ఉంది. అందరి చేతుల్లో మందుల కవర్లు ఉన్నాయి. అంటే వాళ్ళ పని అయిపోయినట్టే. గుంపులో పెద్దామె భీమమ్మ. మనవడిని చూపించడానికి ప్రతి నెలా వచ్చేది, నాకు తెలుసు.

"మందులు తీసుకున్నారు కదా, ఇంకా కూర్చున్నారేంటి?" అని అడిగాను.

"లక్ష్మిది కాలే. ఆ పిల్లది అయితే పోతం," అన్నది భీమమ్మ.

"మీరు ముందు సంతకి పోవచ్చు కదా?"

ఆమె నా వంక ఒక క్షణం చూసింది. "కలిసొచ్చినం గద మేడం. పిల్లను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోతం?"

ఆటో నడిపే సమ్మయ్య మెట్ల మీద నిలబడి ఆకాశం చూస్తున్నాడు. "పొద్దుగూకితే అడవి తొవ్వ మంచిగుండదు. సంత గూడ లేసిపోతాంది. జర జల్దీ పంపుర్రి మేడం," అన్నాడు.

లోపలికి వెళ్ళి చూశాను. డాక్టరు గారి ముందు లక్ష్మి తలవంచుకుని కూర్చుని ఉంది. పెళ్ళయి ఏడాది తిరగని పిల్ల. చిన్నప్పటి నుంచి మా ఆసుపత్రికి వస్తూనే ఉంది కాబట్టి ఆమె రికార్డు బాగా పెద్దది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. డాక్టరు గారు పెన్ను మూత తీస్తున్నారు, పెడుతున్నారు. లక్ష్మి మాత్రం కిటికీలోంచి బయట తన వాళ్ళ వంకే చూస్తోంది. ఆ రోజు వాళ్ళు వెళ్ళేసరికి సంత ఎత్తేశారు.

తర్వాతి నెల ఆమె రాలేదు. ఆ పై నెలా రాలేదు. మా నర్సు కమల అడవి ఊళ్ళకి తిరిగేది, వాళ్ళ భాష వచ్చు. ఊరికి పోయి లక్ష్మిని చూసి వచ్చి నాతో చెప్పింది.

"రాదంట మేడం. నా ఒక్కదాని కోసం అందరు సంత ఇడిసిపెట్టి కూసుంటున్నరు, నాకు సిగ్గయితాంది అన్నది. మాత్రలు ఒడిసినయి. నొప్పులు మళ్ళ మొదలైనయి. గోడ పట్టుకొని నడుస్తాంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీ మీద, తిరిగే ఆ చక్రం మీద, చప్పట్లు కొట్టిన మా అందరి మీద. ఒక పిల్ల తన జబ్బుకి కాదు, మా ప్రోగ్రామ్ నిదానానికి సిగ్గుపడుతోంది. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి నా ఉద్యోగంలో ఇంకొకటి చూడలేదు.

మంచి బాసు అడిగే ప్రశ్న

మా సూపరింటెండెంట్ గారే సికిల్ సెల్ క్లినిక్ కూడా చూసేవారు. సత్తుపల్లి వైపు రైతు కుటుంబం, మాట తక్కువ. కమల చెప్పింది విని మా ముగ్గురినీ గదిలోకి పిలిచారు.

"ఆ అమ్మాయికి రక్తం శాతం ఎప్పుడూ ప్రమాదం అంచునే ఉంటుంది. మాత్ర మానేసి ఇలాగే ఉంటే ఏదో ఒక రోజు మంచం మీద మోసుకొస్తారు. అప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ," అన్నారు.

నేను సర్వరు దూరం, కబుర్ల సంఖ్య, లైను వేగం అంటూ మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఎత్తారు. "అదంతా మీరు చూసుకోండమ్మా. నాకు ఒక్కటే చెప్పండి. ఆ పిల్ల మళ్ళీ వస్తుందా, రాదా?"

నేను చాలామంది బాసుల దగ్గర పనిచేశాను. తెర రంగు మార్చమన్నవారున్నారు, రిపోర్టు పైన తమ పేరు పెద్దక్షరాల్లో వేయమన్నవారున్నారు. పనికొచ్చే ప్రశ్న అడిగింది ఈయన ఒక్కరే. ఎంత వేగం పెరగాలి అని అడగలేదు. వేగం ఎవరి కోసమో అడిగారు.

లక్ష్మిని వరుసలో ముందు పిలుద్దామా అనుకున్నాం. ముందు పిలిస్తే ఆమె వెనక ఉన్నవాళ్ళంతా ఆగాలి. ఆమె కోసం అంబులెన్స్ పంపుదామని నేనే అన్నాను. కమల తల అడ్డంగా ఊపింది. "ఊళ్ళెకు అంబులెన్స్ పోతే ఆమెకు ఇంక సిగ్గు. అందరితోని కలిసి వచ్చి, అందరితోని కలిసి పోవాలె. గట్లయితెనే వస్తది," అంది.

కంపెనీకి ఫోన్ చేస్తే ఇంకా పెద్ద సర్వర్ కొనుక్కోమన్నారు. పిల్లలూ, ఈ సలహా మీకు కూడా ఎదురవుతుంది. ఎన్నిసార్లు పోయి వస్తున్నామని చూసుకోకుండా దుకాణాన్ని పెద్దది చేయమనే సలహా అది. వినకండి.

నరేశ్ మహా క్వెరీ

నరేశ్‌ది కారేపల్లి దగ్గర తండా. చురుకైనవాడు, మంచివాడు, ఓపిక మాత్రం ఎక్కడో బస్సులో మర్చిపోయి వచ్చాడు. "మేడం, గిన్నిసార్లు అడుగుడేంది? అన్ని ఒక్క దెబ్బకు తెస్త సూడుర్రి," అని రాతకి కూర్చున్నాడు.

రోగి, రాకలు, పరీక్షలు, మందులు, ఎక్కించిన రక్తం, అన్నీ ఒకదానికొకటి కలిపి ఒక్క క్వెరీ రాశాడు. అచ్చు తీసి గోడకి అంటిస్తే పంచాంగంలా వేలాడింది. తన రికార్డే పెట్టి చూశాడు. ఎప్పుడో ఒకసారి పన్ను నొప్పికి వచ్చినవాడు కదా, వెంటనే వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి నా వంక చూశాడు.

"లక్ష్మిది పెట్టు," అన్నాను.

పెట్టాడు. చక్రం తిరగడం మొదలైంది. ఇదివరకటి కంటే ఎక్కువసేపు తిరిగింది. ఈలోగా ఖమ్మం నుంచి ఫోన్. అక్కడ ఓపీ కౌంటర్లన్నీ ఆగిపోయాయట, మీరక్కడ ఏం చేస్తున్నారు అని అరుపులు. నరేశ్ ముఖం వాడిపోయింది. "ఏంది మేడం గిట్లయింది? ఒక్కసారే అడిగిన గద."

ఒక్కసారే అడిగాడు, నిజమే. కానీ పరీక్షల్నీ మందుల్నీ ఒకే సంచిలో కలిపి అడిగాడు. అప్పుడు గోదాము ఏం చేస్తుందంటే, ఒక రాకలోని ప్రతి పరీక్షనీ ఆ రాకలోని ప్రతి మందుతోనూ జత కట్టి పంపుతుంది. పెళ్ళిలో ఆడపెళ్ళివారు ఒక్కొక్కరూ మగపెళ్ళివారిలో ఒక్కొక్కరితో విడివిడిగా ఫోటో దిగుతామంటే ఫోటోగ్రాఫరు గతి ఏమవుతుందో, మా సర్వర్ గతి అదే అయింది. ఎక్కించిన రక్తం కూడా అందులో కలిసేసరికి ఇంకా గుణించుకుపోయింది. ఇక్కడ కూడా జబ్బు ఎక్కువున్న మనిషికే శిక్ష ఎక్కువ పడింది.

నేను నరేశ్‌ని ఏమీ అనలేదు. కంపెనీవాళ్ళు ఆలోచన పనంతా బల్లమీద వేసి, గోదాముకి కాళ్ళు అరిగేలా తిరిగారు. ఇతను పనంతా గోదాము నెత్తిన వేశాడు. ఈ వాదన మీరు ఎక్కడికి పోయినా వింటారు. ఒకరు డేటాబేసే దేవుడంటారు, ఒకరు కోడే దిక్కంటారు. ఇద్దరూ ఆ సమయంలో రోగిని చూడటం లేదని నా అభిప్రాయం.

డాక్టరు పక్కన కుర్చీ వేసుకుని

మరుసటి క్లినిక్ రోజున నేను డాక్టరు గారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన తెరమీద ఎక్కడ చూస్తున్నారో చూశాను. కొంతసేపటికి అడిగేశాను.

"సర్, రికార్డు రాగానే మీరు ముందు ఏం చూస్తారు?"

"పోయినసారి రక్తం ఎంతుందో చూస్తాను. మాత్ర మోతాదు చూస్తాను. ఎప్పుడైనా రక్తం ఎక్కిస్తే పడలేదా అని చూస్తాను."

"చిన్నప్పుడు జలుబుకి ఇచ్చిన సిరప్పు?"

"అదెందుకమ్మా నాకు?" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆ సిరప్పుని కూడా ఖమ్మం నుంచి మోసుకొస్తున్నాం. ఇటీవలి రాకలు, వాటితోపాటు ఎప్పటికీ మరవకూడని హెచ్చరికలు చాలు. మిగతావి కావాలంటే నొక్కడానికి ఒక బటన్ పెడితే సరిపోతుంది. పనిలో సగం ఈ ఒక్క ప్రశ్నతో తగ్గిపోయింది. ఈ ప్రశ్న కోడ్‌లోనూ లేదు, క్వెరీలోనూ లేదు, డాక్టరు పక్క కుర్చీలో ఉంది.

మిగతా సగం గేటు దగ్గర తేలింది. నేనూ నరేశ్ బయట నిలబడి ఉండగా ఒక ఆటో వచ్చి ఆగింది. లోపలినుంచి మనుషులు దిగుతూనే ఉన్నారు. అంతమంది అందులో ఎలా పట్టారో సమ్మయ్యకే తెలియాలి. కమల అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. అందరితో కలిసి రావాలి, కలిసి పోవాలి.

"నరేశ్, వీళ్ళ కోసం మనం ఖమ్మాన్ని ఎట్లా అడుగుతాం?"

"ఒక్కొక్కరిది పిలిచినప్పుడు అడుగుతం మేడం."

"వాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చారా?"

నరేశ్ ఆటో వంక చూశాడు. "లేదు. అందరు ఒకేపారి వచ్చిన్రు." మళ్ళీ చూశాడు. "ఒకేపారి పోతరు గూడ."

"మరి మనం మాత్రం ఒక్కొక్కరుగా ఎందుకు అడుగుతున్నాం?"

అతను గబగబా లోపలికి నడిచాడు. నేను వెళ్ళేసరికి గోడమీది ఆ పంచాంగం క్వెరీ చింపేసి, కొత్త కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆటో వంతున అడగడం

మేము చేసింది ఇది. ఆటో గేటు దగ్గర ఆగగానే కౌంటర్లో ఆ గూడెం పేరు నొక్కుతారు. ఆ గూడెం నుంచి క్లినిక్‌కి వచ్చేవాళ్ళ పేర్లు మాత్రం వస్తాయి. ఈరోజు దిగినవాళ్ళకి టిక్కు పెడతారు. అప్పుడు టిక్కు పెట్టిన అందరి ఇటీవలి రాకలూ ఒక కబురుతో వస్తాయి. ఆ రాకలన్నిటి పరీక్షలు ఇంకొక కబురుతో, మందులు మరొకదానితో, రక్తం పడని హెచ్చరికలు వేరే కబురుతో. ఒక్కో కబురుకి ఒక్క రకం సరుకే వస్తుంది, కానీ ఆటోలో ఉన్న అందరిదీ వస్తుంది. దేన్నీ దేనితోనూ కలపం కాబట్టి గుణించుకోవడం లేదు. ఏ పరీక్ష ఎవరిదో, ఏ మందు ఏ రాకదో జతపరిచే పని మా కోడ్ చేసుకుంటుంది. అది మా పాత కంప్యూటరుకి కూడా నల్లేరు మీద నడక.

వెతకడం, వడగట్టడం, అక్కర్లేనిది వదిలేయడం గోదాము పని. దానికి తన అరలు తెలుసు. గూడెం పేరుతో వెతికేటప్పుడు ప్రతి అరా తీసి చూడకుండా ఉండాలని ఖమ్మం వాళ్ళని బతిమాలి ఒక ఇండెక్స్, అంటే ఏది ఏ అరలో ఉందో చెప్పే పట్టిక, పెట్టించాం. అమర్చడం, డాక్టరు చూసే వరుసలో పెట్టడం మన బల్ల పని. దానికి డాక్టరు తెలుసు. నా ఉద్యోగం మొత్తంలో నేర్చుకున్నది దాదాపు ఇంతే.

మేము అనుకోని మేలు కూడా ఒకటి జరిగింది. మా ఆడవాళ్ళు చాలామంది భర్త పేరు నోటితో చెప్పరు. ఒకే పేరున్నవాళ్ళు చాలామంది కాబట్టి కౌంటర్లో అది అడగక తప్పదు. ఇదివరకు అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేవారు, వరుస అంతా ఆగిపోయేది. ఇప్పుడు గూడెం మొత్తం కౌంటరు ముందు ఒక్కసారే ఉంటుంది కదా, పక్కన నిలబడ్డ వదినె నవ్వుతూ ఆ పేరు చెప్పేస్తుంది. అడగకపోయినా ఆయన కోపం సంగతి, తాగుడు సంగతి కూడా చెప్తుంది. వాటికి మా ప్రోగ్రామ్‌లో గడి లేదు.

ఇది కుదిరాక నరేశ్‌కి ఉత్సాహం ఎక్కువైంది. ముందురోజే అందరి రికార్డులూ తెచ్చి ఇక్కడి కంప్యూటర్లో పెట్టేసుకుందామన్నాడు. సరే, ఒక క్లినిక్‌కి చేసి చూద్దామన్నాను. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒకాయన అంతకుముందు సాయంత్రమే ఖమ్మం పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పోయాడు. అక్కడి డాక్టర్లు ఇంటికి పంపే ముందు ఆయన మాత్ర మోతాదు తగ్గించారు. మా దగ్గరున్న కాపీలో పాత మోతాదే ఉంది. ఆయన జేబులోని డిశ్చార్జి కాగితం కమల చూడబట్టి సరిపోయింది. ఆ రోజుతో ఆ ముచ్చట మానేశాం. మనిషి పేరూ గూడెం పేరూ నిన్నటివైనా నష్టం లేదు. మందు మోతాదు మాత్రం అప్పటికప్పుడు అడిగి తెచ్చుకోవలసిందే.

ఇప్పుడు క్వెరీలు రాసిపెట్టే ఏఐలు వచ్చాయి. నరేశ్ కూడా వాటితోనే రాయిస్తున్నాడు, బాగానే రాస్తున్నాయి. నాకు అసూయ ఏమీ లేదు, నా వేళ్ళ నొప్పులు మీకు రాకపోతే మంచిదే. కానీ అది రాసిచ్చినదాన్ని మీ దగ్గరున్న అందరికంటే పెద్ద రికార్డు మీద పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాడి మీద ఏ ప్రోగ్రామైనా పరిగెత్తుతుంది.

లక్ష్మి

కొత్త పద్ధతి మొదలుపెట్టిన రోజున భీమమ్మ వాళ్ళ ఆటో వచ్చింది. లక్ష్మి లేదు. వాళ్ళు కుండలో నీళ్ళు తాగి కూర్చునేసరికి అందరి రికార్డులూ డాక్టరు గారి తెరమీద ఉన్నాయి. వాళ్ళ పని అయిపోయేసరికి సంత ఇంకా నిండుగా ఉంది. భీమమ్మ మందుల కవరు పట్టుకుని, "అయిపోయిందా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఎవరిదో మర్చిపోయామేమో అని ఆమె అనుమానం.

"లక్ష్మికి చెప్పమని వీళ్ళకి చెప్దామా?" అని కమలని అడిగాను.

"మనం చెప్తే నమ్మది మేడం. వీళ్ళు జల్దీ ఇంటికి పోతే లక్ష్మే అడుగుతది," అంది.

ఆ నెలంతా నాకు మనసు ఆసుపత్రిలో నిలవలేదు. నొప్పి ఎక్కువై మంచం మీద తీసుకొస్తారేమో అని గేటు దగ్గర బండి చప్పుడైనప్పుడల్లా బయటికి చూసేదాన్ని. నరేశ్ నన్ను ఆటపట్టించడం మానేశాడు. అతనూ చూసేవాడు.

తర్వాతి క్లినిక్ రోజున సమ్మయ్య ఆటో ఆగింది. అందరూ దిగాక, భీమమ్మ భుజం పట్టుకుని లక్ష్మి దిగింది. బాగా చిక్కిపోయింది, కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. మెల్లగా నడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చింది. ఆ రోజు కౌంటర్లో నేనే కూర్చున్నాను, కావాలనే.

"మేడం, నాది ఆఖర్ల పెట్టుర్రి," అంది చిన్న గొంతుతో.

"ఎందుకు?"

"నాది లేటయితది గద. ముందుగాల వీళ్ళయి కానియ్యుర్రి."

తెర ఆమె వైపు తిప్పాను. గూడెం వాళ్ళ పేర్లన్నీ వరుసగా ఉన్నాయి, ప్రతి పేరు పక్కన రికార్డు సిద్ధమైనట్టు పచ్చ చుక్క ఉంది. ఆమెకి చదువు వచ్చు. తన పేరు వెతుక్కుని, దాని పక్కన వేలు పెట్టింది. "ఇది నాదేనా?" అంది.

"నీదే. అందరితోపాటే వచ్చేసింది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళి భీమమ్మ పక్కన కూర్చుంది. పిలిచినప్పుడు, తన వంతులోనే, లోపలికి వెళ్ళింది.

డాక్టరు గారు రక్తం చూశారు. ఇంకా అంచు దాటలేదు, మాత్ర మళ్ళీ మొదలుపెడితే కోలుకుంటుందన్నారు. మధ్యలో కమల ఊరికి వెళ్ళి చూసి రావాలని ఏర్పాటు చేశారు. క్లినిక్ అయ్యాక మా గది తలుపు దగ్గర నిలబడి, "వచ్చిందమ్మా," అని మాత్రం అన్నారు. నరేశ్ లేచి నిలబడ్డాడు, ఎందుకో అతనికే తెలియదు.

సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ గేటు దగ్గర ఆగాను. సమ్మయ్య ఆటో ఇంకా అక్కడే ఉంది. లక్ష్మి ఒక్కతే వెనక సీట్లో, మందుల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మిగతావాళ్ళంతా సంతలో ఉన్నారు. దూరంగా భీమమ్మ ఎండుచేపల దగ్గర బేరమాడుతున్న గొంతు వినిపిస్తోంది.

సమ్మయ్య హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి వెనక్కి తిరిగాడు. "ఇంకెవరు రావాలె పిల్లా?"

"అందరు రావాలె. నేనొక్కదాన్నే వచ్చిన," అంది లక్ష్మి. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "హారన్ కొట్టకు అన్నా, రానియ్యి. నా కోసం వాళ్ళు ఎన్నిసార్లు కూసున్నరు. ఇయ్యాల నేను కూసుంట."